శివారు ఆయకట్టుకి నీళ్ళు అందుతాయా?

అమెరికాలో ఏ ఊళ్ళో తెలుగు సంఘాన్ని కదిపినా ఒక కల బయటపడుతుంది: సొంత భవనం. ఉగాదికో దీపావళికో స్కూలు ఆడిటోరియం కోసం ఆరు నెలల ముందు నుంచీ అర్జీలు పెట్టుకోనక్కర్లేకుండా, పిల్లల కూచిపూడి రిహార్సల్స్ ఎవరింటి గ్యారేజీలోనో జరపనక్కర్లేకుండా, మనదంటూ ఒక హాలు. చందాలు పోగవుతాయి. ఊరి చివర ఒక పాత గోడౌను దొరుకుతుంది. ఆర్కిటెక్టు రంగుల బొమ్మ గీసిస్తాడు. అందులో స్టేజీ ఉంటుంది, వంటగది ఉంటుంది, నవ్వుతూ నడిచే చీరకట్టు ఆడవాళ్ళు కూడా ఉంటారు. ఉండనిదల్లా ఒక్కటే: సీలింగు పొడుగునా పరుచుకుని ఉండే ఇనుప పైపులు, వాటికి వేలాడే చిన్న చిన్న స్ప్రింక్లర్లు. ఈ వ్యాసం వాటి గురించి.

ముందే మనవి చేసుకోవాలి. నేను ఫైర్ ఇంజనీర్ని కాను. కంప్యూటర్ సైన్సులో మాస్టర్స్ చేసి, కన్సల్టెంటుగా ఊళ్ళు తిరిగే సాఫ్ట్‌వేర్ వాణ్ణి. అయితే కొన్నేళ్ళ క్రితం ఒక ఇంజనీరింగ్ సంస్థలో, స్ప్రింక్లర్ పైపుల లెక్కలు చేసే పాత ప్రోగ్రాముని కొత్త భాషలోకి తిరగరాసే ప్రాజెక్టు దొరికింది. రెండేళ్ళ పాటు రోజూ పొద్దున్నే ఎల్బోలు, టీలు, వాల్వులతోనే సహవాసం. అందుకే మా సంఘం హాలు కట్టే రోజుల్లో స్ప్రింక్లర్ లెక్కల ఫైలు రాగానే కమిటీలో పెద్దాయన ఒకరు, "బాబూ, నీకు ఇవి అర్థమవుతాయి కదా, ఒకసారి చూసిపెట్టు" అని నా చేతిలో పెట్టారు.

సినిమాల్లో చూపించేదీ, నిజంగా జరిగేదీ

సినిమాల్లో హీరో అగ్గిపుల్ల గీస్తే బిల్డింగు మొత్తం వాన కురుస్తుంది. మామూలు స్ప్రింక్లర్ వ్యవస్థలో అలా జరగదు. ప్రతి స్ప్రింక్లర్ ముందూ ఒక చిన్న గాజు గొట్టమో, కరిగే లోహపు ముక్కో అడ్డుగా ఉంటుంది. ఎక్కువగా వాడే రకంలో ఆ గాజు 155 డిగ్రీల ఫారన్‌హీట్, అంటే 68 డిగ్రీల సెల్సియస్ దగ్గర పగులుతుంది. ఏది వేడెక్కితే అదే తెరుచుకుంటుంది. పక్క గదిలోది చెక్కు చెదరదు. 1874లో హెన్రీ పార్మెలీ అనే ఆయన న్యూ హేవెన్‌లో తన పియానో ఫ్యాక్టరీని కాపాడుకోవడానికి ఇలాంటిది తయారు చేసుకున్నాడు. ఆ తరవాత ఫ్రెడరిక్ గ్రిన్నెల్ దాన్ని మెరుగుపరిచాడు. నూట యాభై ఏళ్ళుగా అసలు సూత్రం మాత్రం మారలేదు.

గాజు పగిలాక ఎన్ని నీళ్ళు వస్తాయన్నది స్ప్రింక్లర్ చేతిలో లేదు. అక్కడికి చేరిన ఒత్తిడి చేతిలో ఉంది. లెక్క సులువే: ఒత్తిడికి వర్గమూలం కట్టి, ఆ స్ప్రింక్లర్‌కి ఇచ్చిన 'కె' అనే అంకెతో గుణిస్తే నిమిషానికి ఎన్ని గ్యాలన్లో వస్తుంది. మామూలు స్ప్రింక్లర్‌కి కె విలువ 5.6. కనీస ఒత్తిడి 7 పిఎస్‌ఐ ఉండాలని నియమం. 7 ఉంటే నిమిషానికి సుమారు 14.8 గ్యాలన్లు. అంతకన్నా తగ్గితే నీళ్ళు చిమ్మవు, కారతాయి. కారే నీళ్ళకి మంట లొంగదు.

మన డెల్టాల్లో పుట్టిన వాళ్ళకి ఇది విడమర్చి చెప్పనక్కర్లేదు. కాలవ మొదట్లో ఉన్న రైతుకి నీళ్ళు ఎప్పుడూ ఉంటాయి. గొడవలన్నీ శివారు ఆయకట్టు దగ్గరే. అందుకే స్ప్రింక్లర్ లెక్క కూడా శివారు నుంచి మొదలవుతుంది. నీళ్ళు అందడం అన్నిటికన్నా కష్టమైన మూలని ఎంచుకుని, అక్కడి చివరి స్ప్రింక్లర్‌కి కావలసిన ఒత్తిడి రాసుకుని, ఒక్కో పైపూ వెనక్కి నడుచుకుంటూ వీధిలోని సిటీ పైపు దాకా వస్తారు. దారిలో పోయిన ప్రతి పిఎస్‌ఐనీ కూడుకుంటూ వస్తారు. చివరికి వచ్చిన మొత్తం సిటీ ఇవ్వగలిగిన దాని కన్నా తక్కువ ఉండాలి. లెక్క మొత్తం ఇంతే!

ఒత్తిడి ఎక్కడ పోతుంది?

మూడు చోట్ల పోతుంది. మొదటిది ఎత్తు: ప్రతి అడుగుకీ 0.433 పిఎస్‌ఐ. రెండోది పైపు గోడలతో రాపిడి. మూడోది మలుపులు, అంటే ఫిట్టింగులు.

పైపు రాపిడికి హేజెన్-విలియమ్స్ సూత్రం వాడతారు. ఇద్దరు అమెరికన్ ఇంజనీర్లు ఇరవయ్యో శతాబ్దం మొదట్లో ప్రయోగాల మీద కట్టిన సూత్రం ఇది. ఇందులో గుర్తుంచుకోవలసినవి రెండు. నీటి ప్రవాహం రెట్టింపు అయితే రాపిడి రెట్టింపు కాదు, 3.6 రెట్లు అవుతుంది. పైపు లోపలి వ్యాసం కాస్త పెరిగినా రాపిడి ఢామ్మని పడిపోతుంది, ఎందుకంటే వ్యాసాన్ని 4.87 ఘాతానికి ఎక్కిస్తారు. పైపు నునుపుకి 'సి' అనే అంకె ఉంది. నీళ్ళు నిండి ఉండే మామూలు ఇనుప పైపుకి 120, రాగికి, సిపివిసి ప్లాస్టిక్‌కి 150. కొత్త ఇనుప పైపు నిజానికి ఇంకా నున్నగానే ఉంటుంది. కానీ పైపుకీ మనలాగే వయసు మీద పడుతుంది కాబట్టి ఆ ముసలితనాన్ని ముందే లెక్కలో కలిపేశారు.

ఇక మలుపుల సంగతి. తిన్నగా పోతున్న నీళ్ళని ఎల్బో దగ్గర (మన ఊళ్ళో ప్లంబర్లు బెండు అంటారే, అదే) ఒక్కసారిగా పక్కకి తిప్పితే, లోపల సుడులు తిరుగుతాయి. ఆ సుడులకి ఖర్చయిన ఒత్తిడి మళ్ళీ రాదు. దీన్ని కచ్చితంగా లెక్క కట్టాలంటే పెద్ద తతంగం. అందుకని ఇంజనీర్లు ఒక చక్కని ఉపాయం పన్నారు. ఈ ఎల్బో తినే ఒత్తిడి, ఎన్ని అడుగుల తిన్నని పైపు తినే ఒత్తిడితో సమానం? ఆ అడుగుల్నే ఎల్బోకి 'సమాన పొడవు' అన్నారు. ఎన్‌ఎఫ్‌పిఏ 13 అనే ప్రమాణంలో దీనికి ఒక పట్టిక ఉంది. 3 అంగుళాల పైపుకి మామూలు ఎల్బో అంటే 7 అడుగులు. నీళ్ళు పక్కకి తిరిగే టీ అయితే 15 అడుగులు. వెనక్కి పోనివ్వని చెక్ వాల్వు 16. బటర్‌ఫ్లై వాల్వు 10. అంటే అరచేతిలో ఇమిడే ఎల్బో ఒక్కటి మనిషి కన్నా పొడుగైన పైపుతో సమానం!

మా సాఫ్ట్‌వేర్ వాళ్ళకి ఇది వెంటనే ఎక్కుతుంది. వెబ్‌సైటు నెమ్మదిగా వస్తోందంటే కేబుల్ పొడవు ఒక్కటే కారణం కాదు కదా. దారిలో ఎన్ని రౌటర్లు దాటి రావాలో అదీ చూడాలి. పైపుల్లోనూ అంతే.

ఏది లెక్కించాలి, ఏది అక్కర్లేదు

నీళ్ళు టీలో తిన్నగా దూసుకుపోతే ఆ టీని లెక్కించరు. పక్కకి తిరిగితేనే లెక్క. స్ప్రింక్లర్‌కి నేరుగా తగిలించిన ఫిట్టింగుని కూడా వదిలేస్తారు. సైజు తగ్గించే ఎల్బో అయితే చిన్న వైపు సైజుకి ఉన్న అంకె తీసుకుంటారు. సిటీ నీళ్ళలోకి మన నీళ్ళు వెనక్కి పోకుండా పెట్టే బ్యాక్‌ఫ్లో పరికరం లాంటి వాటికి పట్టిక పనికిరాదు, తయారీదారు ఇచ్చిన అంకెలే వాడాలి. ఫాల్స్ సీలింగు ఉన్న చోట ఇప్పుడు అందరూ వాడే వంగే స్టీలు గొట్టాలదీ అదే పద్ధతి. చూడ్డానికి నాలుగైదు అడుగులే ఉంటాయి గానీ వాటి సమాన పొడవు పదుల అడుగుల్లో ఉంటుంది. 30 అడుగులు అనుకుందాం. ఒక అంగుళం పైపులో నిమిషానికి 19.5 గ్యాలన్లు పోతుంటే అడుగుకి 0.124 పిఎస్‌ఐ పోతుంది. అంటే ఆ ఒక్క గొట్టానికే 3.7 పిఎస్‌ఐ.

ఇంకో చిన్న చిక్కు ఉంది. ప్రోగ్రాము తిరగరాస్తున్నప్పుడు నాకు బాగా నచ్చిన భాగం ఇదే. పట్టికలోని అడుగులు షెడ్యూల్ 40 అనే మందపాటి ఇనుప పైపుకి, సి విలువ 120కి రాసినవి. నున్నటి ప్లాస్టిక్ పైపు వాడితే వాటిని 1.51తో గుణించమంటారు. నున్నటి పైపు వాడుతుంటే మలుపుల అడుగులు పెరగడమేమిటి, తగ్గాలి కదా అనిపిస్తుంది. కాగితం మీద వేసి చూస్తే రహస్యం బయటపడుతుంది. సి 150 అయితే అడుగుకి పోయే ఒత్తిడి సరిగ్గా 1.51 రెట్లు తగ్గుతుంది. అడుగుల్ని 1.51 రెట్లు పెంచితే, మలుపు దగ్గర పోయే ఒత్తిడి ఎప్పటిలాగే ఉంటుంది. పల్చటి గోడ ఉన్న షెడ్యూల్ 10 పైపుకి 3 అంగుళాల సైజులో 1.34 తో గుణించడం కూడా ఇందుకే. పైపుని నునుపు చేసినా, గోడ పల్చన చేసినా, మలుపు తన సుంకం తాను పుచ్చుకునే తీరుతుంది.

మా హాలు లెక్క

ఇప్పుడు మా గోడౌను దగ్గరికి వద్దాం. సులువుగా ఉండడానికి అంకెల్ని కాస్త గుండ్రం చేశాను. జనం కూర్చునే హాలుని తేలిక ప్రమాదం కింద లెక్కిస్తారు. వంటగది అంతకన్నా ఒక మెట్టు పైన, స్టేజీ ఇంకో మెట్టు పైన. స్టేజీ రైజరుకి దగ్గర్లోనే ఉంది కాబట్టి మా శివారు ఆయకట్టు వంటగది, దాని పక్క సామాన్ల గది. అక్కడ చదరపు అడుగుకి నిమిషానికి 0.15 గ్యాలన్ల చొప్పున 1500 చదరపు అడుగుల మీద నీళ్ళు పడాలి. ఒక్కో స్ప్రింక్లర్ 130 చదరపు అడుగులు చూసుకుంటే 19.5 గ్యాలన్లు, దానికి 12.1 పిఎస్‌ఐ కావాలి. అన్నీ కలిపి ప్రవాహం 260 గ్యాలన్లు. ఫైరింజన్ గొట్టాల వాటా 250 కలిపితే 510. ఆ ప్రవాహం దగ్గర వీధి పైపు 57 పిఎస్‌ఐ ఇవ్వగలదని హైడ్రెంట్ పరీక్షలో తేలింది.

కాంట్రాక్టరు పంపిన లెక్కలో చివరి స్ప్రింక్లర్ 12.1, కొమ్మ పైపులు 14, ఎత్తు 18 అడుగులకి 7.8, బ్యాక్‌ఫ్లో పరికరం, భూమిలోని పైపు కలిపి 8, రైజరు నుంచి వంటగది దాకా వెళ్ళే 3 అంగుళాల పెద్ద పైపు 120 అడుగులకి 9.7. మొత్తం 51.6. మిగులు 5 పైనే. చూడ్డానికి దివ్యంగా ఉంది.

కానీ ఆ పెద్ద పైపు వరసలో ఫిట్టింగుల గడి ఖాళీగా ఉంది. డ్రాయింగు చూస్తే ఆ పైపు తిన్నగా ఎక్కడుంది? ఏసీ డక్టు కింద ఒకసారి దిగింది, మళ్ళీ ఎక్కింది, దూలాన్ని చుట్టుకుని పోయింది. ఆరు ఎల్బోలు 42 అడుగులు, ఒక టీ 15, చెక్ వాల్వు 16, బటర్‌ఫ్లై వాల్వు 10. మొత్తం 83 అడుగులు. బొమ్మలో లేని 83 అడుగుల పైపు! అడుగుకి 0.08 చొప్పున 6.7 పిఎస్‌ఐ. అది కలిపితే కావలసింది 58.3, ఉన్నది 57. మిగులు కాస్తా లోటయింది.

అడిగితే కాంట్రాక్టరు, అవి చిన్న చిన్నవి, మిగుల్లో కలిసిపోతాయి అన్నాడు. మా కమిటీలోనూ రెండు పక్షాలయ్యాయి. ఉగాదికి ప్రారంభోత్సవమని అప్పటికే ఆహ్వానాలు వెళ్ళిపోయాయి. "ఒక్క పిఎస్‌ఐ తక్కువైతే కొంప మునిగిపోతుందా నాయనా?" అన్నారు ఆ పెద్దాయన. న్యాయమైన ప్రశ్నే. మునగదు. ఒత్తిడి తగ్గితే ప్రవాహం కాస్త తగ్గుతుంది, ప్రవాహం తగ్గితే రాపిడీ తగ్గుతుంది, రెండూ మధ్యలో ఎక్కడో రాజీ పడతాయి. ఆ లోటు ఒక్కటే అయితే స్ప్రింక్లర్లు పని చేస్తాయి. కానీ మిగులనేది ఈ రోజు కోసం ఉంచుకునేది కాదు. హైడ్రెంట్ పరీక్ష ఒక రోజు చేసింది. పదేళ్ళ తరవాత ఊరు పెరిగి వీధిలో ఒత్తిడి తగ్గొచ్చు, ఎవరో వంటగదిలో గోడ కట్టి ఇంకో రెండు మలుపులు పెట్టొచ్చు. లేని మిగులుని ఉందని నమ్మి ఆ పనులన్నీ చేసేస్తాం. అసలు ప్రమాదం అక్కడుంది.

గొట్టంలో ఎంత ఒత్తిడి మిగులుతుందో అన్నది ప్రాణాల లెక్క అని ఫిలడెల్ఫియాలో ఒక రాత్రి తేలింది. 1991 ఫిబ్రవరి 23న వన్ మెరిడియన్ ప్లాజా అనే 38 అంతస్తుల భవనంలో 22వ అంతస్తులో మంట మొదలైంది. అగ్నిమాపక సిబ్బంది గొట్టాలు తగిలించే చోట ఒత్తిడి తగ్గించే వాల్వులు సరిగ్గా అమర్చలేదు. చేతిలో గొట్టం ఉన్నా చాలినంత నీళ్ళు రాలేదు. ముగ్గురు ఫైర్‌ఫైటర్లు చనిపోయారు. అన్ని అంతస్తులు ఎక్కిన ఆ మంటని చివరికి ఆపింది 30వ అంతస్తులో తెరుచుకున్న పది స్ప్రింక్లర్లు. అది ఎల్బోల రాపిడి కథ కాదు, వాల్వుల కథ. అయినా పాఠం ఒకటే: పైపు ఉండడం వేరు, పైపు చివర ఒత్తిడి ఉండడం వేరు.

ఇక స్టేజీ, జనం, ఒకే వైపుకి పరిగెత్తే గుమ్మం... 2003 ఫిబ్రవరి 20న రోడ్ ఐలండ్‌లోని వెస్ట్ వార్విక్‌లో స్టేషన్ నైట్‌క్లబ్ గుర్తుందా? స్టేజీ మీద కాల్చిన బాణసంచా నిప్పురవ్వలు గోడల ఫోముకి అంటుకున్నాయి. 100 మంది పోయారు. అక్కడ స్ప్రింక్లర్లే లేవు. మన హాళ్ళలో బాణసంచా కాల్చకపోవచ్చు. కానీ దీపం వెలిగించని కార్యక్రమం మనకి ఉందా? స్టేజీ వెనక గుడ్డల అలంకరణ, పక్క గదిలో ముస్తాబవుతున్న పాతికమంది పిల్లలు, వంటగదిలో మరుగుతున్న నూనె, ఇవన్నీ ఒకే కప్పు కింద ఉంటాయి.

ఈ మాటే కమిటీలో చెప్పాను. పెద్దాయన కాసేపు ఏమీ మాట్లాడలేదు. తరవాత, "మరి దీనికి మందేమిటి?" అన్నారు.

మందు లెక్కలోనే ఉంది. అదే పైపుని 3 నుంచి 4 అంగుళాలకి మారిస్తే అడుగుకి రాపిడి దాదాపు నాలుగో వంతుకి, 0.021కి పడిపోతుంది. పెద్ద సైజులో ఫిట్టింగుల సమాన పొడవు పెరిగి 83 కాస్తా 114 అవుతుంది, నిజమే. అయినా 234 అడుగుల మీద పోయేది 5 పిఎస్‌ఐ మాత్రమే, ముందు 16 పైన పోయేది. మొత్తం 46.9, మిగులు 10. లెక్క సరిచేసి, కొత్త పైపు వేసి, సిటీ ఆమోదం తెచ్చుకునేసరికి ఉగాది దాటిపోయింది. ఆ ఏడు పచ్చడి మళ్ళీ స్కూలు కెఫెటేరియాలోనే పంచాం. ఆహ్వానాలు వెనక్కి తీసుకోవలసి వచ్చినందుకు కొందరు నిష్ఠూరమాడారు. అందరికీ ఫోన్లు చేసి సర్దిచెప్పింది ఆ పెద్దాయనే.

మీ ఊళ్ళో హాలు కడుతుంటే

ఈ లెక్కలు మీరు వెయ్యనక్కర్లేదు. దానికి లైసెన్సు ఉన్నవాళ్ళు ఉన్నారు, వాళ్ళ పని వాళ్ళే చెయ్యాలి. కానీ చందాలిచ్చిన వాళ్ళ తరఫున ఈ నాలుగూ అడగండి. ఒకటి, లెక్కలో ప్రతి పైపు వరసలో ఫిట్టింగుల గడి నిండి ఉందా? ఖాళీగా ఉంటే ఆ పైపు డ్రాయింగులో నిజంగా తిన్నగా ఉందా? రెండు, వంగే గొట్టాలు, బ్యాక్‌ఫ్లో పరికరం తయారీదారుల అంకెలతోనే వేశారా? మూడు, హైడ్రెంట్ పరీక్ష ఎప్పుడు చేశారు? నాలుగు, కట్టేటప్పుడు డక్టుల కోసం పైపు దారి మారిస్తే లెక్క మళ్ళీ వేశారా? ఈ చివరి ప్రశ్న ముఖ్యం. మలుపులు ఎక్కువగా పుట్టేది డ్రాయింగు బల్ల మీద కాదు, నిచ్చెన మీద. పాత భవనానికి కొత్తగా బ్యాక్‌ఫ్లో పరికరం పెడుతుంటే కూడా లెక్క మొత్తం తిరిగి వెయ్యాలని ప్రమాణమే చెబుతోంది.

హైదరాబాదులోనో విశాఖలోనో ఫ్లాటు కొంటున్న మిత్రులు అక్కడి సంగతేమిటని అడుగుతుంటారు. భారతీయ ప్రమాణం ఐఎస్ 15105 కూడా ఈ హేజెన్-విలియమ్స్ సూత్రాన్నే వాడుతుంది. అడుగుల బదులు మీటర్లు, అంతే తేడా. దేశం మారినా నీళ్ళ స్వభావం మారదు కదా.

మా హాల్లో ఇప్పుడు శనివారాలు పిల్లలకి తెలుగు బడి నడుస్తోంది. పై నుంచి వెళ్ళే ఆ 4 అంగుళాల పైపుని ఎవరూ పట్టించుకోరు. పట్టించుకోనక్కర్లేదు కూడా. దాని మలుపులన్నీ ఎవరో ఒకరు ముందే లెక్కపెట్టారు.